ఆరడుగుల అల అంటే ఎంత?

ఏటా ఏప్రిల్ నెల వచ్చేసరికి సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు మిత్రుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. పడవ కొత్తగా కొన్నవాళ్లు కొందరు, పడవ ఉన్న స్నేహితుడు రమ్మన్నాడని చెప్పేవాళ్లు మరికొందరు. అడిగేది మాత్రం అందరూ ఒకటే: "ఆదివారం వెస్ట్‌పోర్ట్ బయట అలలు ఆరడుగులేనటండీ, హాలిబట్‌కి వెళ్లొచ్చా?" వెస్ట్‌పోర్ట్ వాషింగ్టన్ రాష్ట్రపు సముద్ర తీరంలో ఒక రేవు, హాలిబట్ ఆ సముద్రంలో దొరికే పెద్ద చేప. ఆ "ఆరడుగులే" అన్న మాట వినగానే నాకు గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటే ఆ ఒక్క అంకె నమ్ముకుని సముద్రంలోకి వెళ్లి, నాతో పాటు మరో ముగ్గురిని ప్రమాదం అంచుదాకా తీసుకువెళ్లినవాణ్ని నేను.

వాషింగ్టన్ తీరంలో సాల్మన్‌కో హాలిబట్‌కో వేటకు వెళ్లేటప్పుడు సముద్రం ఎలా ఉందో అల ఎత్తు ఒక్కటే చెప్పలేదు. అల ఎత్తు, ఒక అలకూ తరువాతి అలకూ మధ్య ఉన్న వ్యవధి, గాలి, పోటుపాట్లు, దాటి వెళ్లవలసిన మొగ (నదో అఖాతమో సముద్రంలో కలిసే చోటు), ఇవన్నీ కలిపి చదివితేనే అది తెలుస్తుంది. చదివి తీర్పు చెప్పుకోవలసిన చోటు ముందు రోజు రాత్రి మన ఇల్లే. తెల్లవారుజామున రేవులో, ఇంధనం నింపి, ఎర కొని, నలుగురు మనుషులు పడవ ఎక్కి కూర్చున్నాక తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం లేదు. అనుభవజ్ఞులకు ఇందులో కొత్తేముందని అనిపించవచ్చు. కానీ ఈ విషయం తెలిసినవాళ్లే దీన్ని తప్పడం నేను చూశాను, నేనూ తప్పాను.

ముందుగా ఆ ఆరడుగుల సంగతి చూద్దాం. వాతావరణ సూచనలో చెప్పే అల ఎత్తు ఆ రోజు వచ్చే పెద్ద అల ఎత్తు కాదు. కొంతసేపట్లో వచ్చిన అలలన్నిటినీ వరుసలో పెట్టి, వాటిలో పెద్దవైన మూడోవంతు అలల ఎత్తుకు సగటు తీస్తే వచ్చే అంకె అది. కాబట్టి ఆరడుగులు అని రాసి ఉన్న రోజున, గంటల తరబడి సముద్రంలో ఉన్నవాడికి దాదాపు పన్నెండు అడుగుల అల ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడుతుందని ముందే అనుకోవాలి. ఈ సంగతి చెప్పినప్పుడు చాలామంది ఒక్క క్షణం మాట్లాడకుండా ఉండిపోతారు.

ఎత్తు కంటే ఎక్కువ విషయం చెప్పేది వ్యవధి. లోతైన నీటిలో అల పొడవు ఆ వ్యవధి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఏడు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలకు ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి సుమారు 76 మీటర్ల దూరం ఉంటే, పద్నాలుగు సెకన్లకు ఒకటి వచ్చే అలకు ఆ దూరం 300 మీటర్లు దాటుతుంది. ఎత్తు రెండింటికీ ఆరడుగులే కావచ్చు. మొదటిది నా ఇరవై రెండడుగుల పడవను గతుకుల రోడ్డు మీద ఎడ్లబండిలా ఎత్తి కుదేస్తుంది. రెండోది పడవను మెల్లగా పైకెత్తి మెల్లగా దించుతుంది, గాలి లేని ఉదయం అలాంటి అల మీద కూర్చుని టీ తాగవచ్చు. సెకన్ల లెక్క అడుగుల లెక్కకు కనీసం రెట్టింపు ఉంటే సుఖంగా వేటాడవచ్చని ఇక్కడి పడవలవాళ్లు అంటారు. తీరానికి దూరంగా ఉన్నంతవరకు అది పనికొచ్చే లెక్కే.

అయితే ఈ లెక్క మొగ దగ్గర తిరగబడుతుంది. పొడవైన అలకు అడుగు నేల దూరం నుంచే తగులుతుంది. తగిలిన కొద్దీ వేగం తగ్గి, పొడవు కుదించుకుపోయి, ఎత్తు పెరుగుతుంది. బయట ఊయలలా ఊపిన పద్నాలుగు సెకన్ల అలే ఇసుక మేటల మీదికి వచ్చేసరికి గోడలా నిలబడుతుంది. దానికి ఎదురుగా పాటు నీరు నదిలోంచి, అఖాతంలోంచి సముద్రంలోకి లాగుతుంటే ఆ గోడ మరింత నిటారై విరిగి పడుతుంది. అంటే హాలిబట్ వేటకు మంచి రోజని బోయా (సముద్రంలో తేలుతూ అలలను కొలిచే పరికరం) చెబుతున్న అంకే తిరుగు ప్రయాణానికి అతి చెడ్డ అంకె కావచ్చు. కొలంబియా నది మొగలో 1792 నుంచి ఇప్పటివరకు సుమారు 2,000 ఓడలు, పడవలు దెబ్బతిన్నాయని చెబుతారు. ఆ ప్రాంతానికి పసిఫిక్ శ్మశానం అని పేరు పడింది. అమెరికా కోస్ట్ గార్డ్ తన ప్రాణరక్షక పడవల సిబ్బందికి శిక్షణ ఇచ్చే పాఠశాలను ఆ మొగ ఒడ్డున, కేప్ డిసప్పాయింట్‌మెంట్ దగ్గరే పెట్టుకుంది. అలాంటి అలలు వెతుక్కోకుండా దొరికే చోటు అదే మరి.

మొగ అంటే ఏమిటో నాకు చిన్నప్పుడే తెలిసి ఉండవలసింది. మా అమ్మమ్మగారి ఊరు అంతర్వేదికి దగ్గర. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఆ చోట వేసవి సెలవుల్లో మేము గంటల తరబడి కూర్చునేవాళ్లం. ఒక పెద్దాయన పడవ మీద వలలన్నీ సర్ది పెట్టుకుని, బయలుదేరకుండా గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్లకేసి చూస్తూ ఉండేవాడు. ఎందుకు వెళ్లడం లేదని నేను అడిగితే, "ఇప్పుడు కాదు బాబూ, పాటు నీరు లాగేత్తంది. తిరగనీ," అన్నాడు. ఆయన చేతిలో గడియారం గానీ కాగితం గానీ లేవు. గంటన్నర పైగా అలాగే కూర్చుని, తరువాత ఎవరో పిలిచినట్టు లేచి వెళ్లిపోయాడు. ఆ మాట నా చెవిలో ఉన్నా, ముప్పై ఏళ్ల తరువాత వెస్ట్‌పోర్ట్ దగ్గరి గ్రేస్ హార్బర్ మొగ ముందు నిలబడినప్పుడు నాకు గుర్తు రాలేదు.

అది కొన్నేళ్ల కిందటి మే నెల చివరి వారం. ఆ రోజుల్లో హాలిబట్ వేటకు వసంతంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని రోజులే తెరిచేవారు. మేము నలుగురం: నేను, మా చెల్లెలి భర్త, ఇద్దరు మిత్రులు. సూచనలో ఆరడుగులు, పన్నెండు సెకన్లు అని ఉంది. రెట్టింపు లెక్క సరిపోయింది కదా అని నేను అంతటితో పుస్తకం మూసేశాను. తెల్లవారుజామున పోటు నీటి మీద మొగ దాటడం ఇంటి ముందు కాలువ దాటినంత సులువుగా జరిగిపోయింది. బయట సముద్రం చక్కగా ఉంది. మధ్యాహ్నానికి మూడు చేపలు పడ్డాయి. తిరిగి వచ్చేసరికి పాటు మంచి జోరులో ఉంది.

దూరం నుంచి చూస్తే మొగలో ఏమీ కనబడదు, ఎందుకంటే మనం అలల వీపులు చూస్తుంటాం. విరిగే ముఖాలు ఒడ్డు వైపు ఉంటాయి. మా బావగారు మాత్రం ఏదో పసిగట్టారు. "బావగారూ, ఇప్పుడే లోపలికి వద్దండి. నీళ్లు తిరిగేదాకా బయటే ఉందామండి," అన్నారు. మా మిత్రుల్లో ఒకరికి ఆ రాత్రి విమానం ఉంది. నేను ఆ విమానం గురించి ఆలోచించాను. మొగ మధ్యలోకి వచ్చాక వెనక నుంచి ఒక అల పడవ వెనక భాగాన్ని ఎత్తింది. ముందు భాగం నీళ్లలోకి దిగబడి, పడవ పక్కకు తిరగడం మొదలుపెట్టింది. చుక్కాని చక్రం నా చేతిలో ఉన్నా దాని కింద ఏమీ లేనట్టు తేలికగా తిరిగింది. ఐసు పెట్టె జారి వచ్చి బావగారి మోకాలికి కొట్టుకుంది. చీలమండల దాకా నీళ్లు వచ్చాయి. తరువాతి అల అంత పెద్దది కాకపోవడం వల్ల పడవ నిలదొక్కుకుంది. అందులో నా నైపుణ్యం ఏమీ లేదు. రేవులో పడవ కట్టేశాక కూడా బావగారి చెయ్యి కడ్డీని పట్టుకునే ఉంది. ఆయన వదలాలనుకున్నా వేళ్లు విడలేదు. ఎడమ చేత్తో ఒక్కొక్క వేలూ తీసుకున్నారు. ఆ తీసుకోవడం నేను ఈ రోజుకీ మరిచిపోలేదు.

అక్కడి నీళ్లు వేసవిలోనూ పది, పన్నెండు డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. ఆ చలి నీటిలో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరి తన అదుపులో ఉండదు; పది నిమిషాల్లో వేళ్లు, చేతులు పనిచెయ్యడం మానేస్తాయి. ఈత వచ్చా రాదా అన్న ప్రశ్న చాలావరకు అక్కడితో ముగిసిపోతుంది. మొగ దాటేటప్పుడు లైఫ్ జాకెట్ సీటు కింద ఉంచుకోవడం, లేకపోవడం ఒకటే.

ఇంతకీ హాలిబట్ కోసం ఇంత దూరం ఎందుకు వెళ్లవలసి వస్తుందో, దానికి సముద్రం ఎందుకు అంత అణిగి ఉండాలో చెప్పాలి. పసిఫిక్ హాలిబట్ అడుగు నేలను అంటిపెట్టుకుని బతికే బల్లపరుపు చేప. పుట్టినప్పుడు రెండు కళ్లూ రెండు పక్కల ఉంటాయి; పెరిగే క్రమంలో ఎడమ కన్ను తల మీదుగా కుడి పక్కకు చేరుతుంది, ఆ తరువాత ఎడమ పక్క నేలకు ఆనించి పడుకుంటుంది. ఆడ చేపలే పెద్దవవుతాయి, రెండు వందల కిలోలు దాటినవి కూడా ఉన్నాయి. ఈ చేప నిల్వలు తగ్గిపోతున్నాయని గమనించి అమెరికా, కెనడాలు 1923లోనే ఒప్పందం చేసుకుని ఒక ఉమ్మడి సంఘాన్ని ఏర్పాటు చేశాయి. నేటికీ ఎవరి వాటా ఎంతో ఏటా ఆ సంఘమే ముందుగా తేలుస్తుంది.

వాషింగ్టన్ బయటి తీరంలో ఈ చేప కోసం వంద నుంచి రెండు వందల మీటర్ల లోతుకు గాలం దించాలి. నీటి లాగుడు ఎక్కువగా ఉంటే కిలో బరువున్న సీసపు గుండు కూడా నేల తాకదు, తాడు ఏటవాలుగా వెనక్కి సాగిపోతుంది. పోటు పాటుగా, పాటు పోటుగా మారే ముందు నీరు కాసేపు నిలబడుతుంది. హాలిబట్ వేట నిజంగా సాగేది ఆ నిలకడ వేళకు అటూ ఇటూ. మన పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. అమావాస్య, పౌర్ణమి నాళ్లలో పోటుపాట్ల తేడా ఎక్కువ, నిలకడ తక్కువ. అష్టమి చుట్టుపక్కల తేడా తక్కువ, గాలం నేల మీద నిలబడే సమయం ఎక్కువ. అయితే ఈ తీరంలో రోజుకు వచ్చే రెండు పోట్లూ రెండు పాట్లూ సమానంగా ఉండవు కాబట్టి తిథి ఒక్కటే చూసుకుంటే చాలదు, ఆ రోజు పట్టిక చూడవలసిందే.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు మరొకటి ఉంది. పోటు పూర్తిగా వచ్చిన సమయమే నీరు నిలిచిన సమయం అనుకుంటారు. వాషింగ్టన్‌కూ కెనడాకూ మధ్య ఉన్న వాన్ డి ఫ్యూకా జలసంధిలో ఈ రెండింటికీ గంటల తేడా ఉండే చోట్లు ఉన్నాయి. పోటుపాట్ల ఎత్తులకు ఒక పట్టిక, నీటి ప్రవాహాలకు వేరే పట్టిక ఉంటాయి. వేటకు కావలసింది రెండోది. ఆ జలసంధిలోనే వేసవి మధ్యాహ్నాల్లో లోపలి నేల వేడెక్కిన కొద్దీ పడమటి గాలి పుంజుకుంటుంది. పొద్దున్న అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి ఇరవై, ఇరవై ఐదు నాట్ల గాలికి లేచిపోతుంది. పాటు నీరు పడమరకు పోతూ ఉంటే, గాలి దానికి ఎదురు వీచి చిన్న అలలను కూడా కోసుగా నిలబెడుతుంది. ఎత్తు చూస్తే నాలుగడుగులే ఉంటుంది, వ్యవధి మాత్రం నాలుగు సెకన్లు. అందుకే ఆ జలసంధి ముఖంలో ఉన్న నియా బే నుంచి వెళ్లేటప్పుడు ఉదయం సూచనతో పాటు మధ్యాహ్నపు సూచన చదవనివాడి పడవ నేను ఎక్కను.

ఆ నియా బే మకా జాతివారి ఊరు. 1855 ఒప్పందంలో తమ నేల చాలావరకు వదులుకున్నా, సముద్రంలో వేట హక్కును మాత్రం వాళ్లు వదులుకోలేదు. కర్రను ఆవిరి పట్టి వంచి చేసిన హాలిబట్ గాలాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఇంజను లేని పొడవాటి దేవదారు పడవల్లో వాళ్లు తీరానికి చాలా దూరం వెళ్లి హాలిబట్ పట్టుకొచ్చేవారు. వాళ్లకు బోయాలు లేవు, పట్టికలు లేవు. అంతర్వేది గట్టు మీది పెద్దాయన లాగా తగిన వేళ కోసం కాచుకుని ఉండగలిగితేనే ఆ పని సాధ్యమయ్యేది.

సాల్మన్ సంగతి వేరు. దానికోసం అంత దూరం పోనక్కరలేదు. ఆగస్టులో కోహో రకం సాల్మన్ పై నీళ్లలోనే తిరుగుతుంది, చినూక్ రకం ఇంకా లోతున, చాలాసార్లు నేలకు దగ్గరగా, చిన్న చేపల గుంపుల వెంట ఉంటుంది. రెండు ప్రవాహాలు ఒరుసుకుని నురగ గీత ఏర్పడే చోట, పక్షులు మునిగే చోట, తొలి వెలుగులో వెతకాలి. పడవ కదులుతూ ఉండాలి కాబట్టి నీటి లాగుడు ఇక్కడ శత్రువు కాదు, సాయమే. కానీ జీపీఎస్ తెర మీద కనిపించే వేగం నేల మీది వేగం. చేపకు తెలిసేది నీటిలో ఎర సాగే వేగం. ప్రవాహానికి ఎదురు వెళ్లేటప్పుడు తెర మీద రెండు మైళ్లు కనిపిస్తే, నీటిలో ఎర నాలుగు మైళ్ల వేగంతో పరిగెడుతూ ఉండవచ్చు. సీసపు గుండును మోసే తీగ నీటిలోకి ఏ కోణంలో దిగుతోందో చూసేవాడికి తెరతో పని ఉండదు.

సాల్మన్ వేటలో ప్రాణభయం పొగమంచుతో వస్తుంది. వేసవిలో వాయవ్యపు గాలి ఉపరితల నీటిని తీరం నుంచి బయటికి తోసేస్తుంది, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. ఈ తీరంలో చేప పుష్టిగా ఉండటానికి మూలం అదే. ఆ చల్లటి నీటి మీదికి తడి గాలి వచ్చి తాకగానే పొగమంచు కమ్ముతుంది. సియాటిల్‌కు, వాంకూవర్‌కు పోయే పెద్ద ఓడలు దాదాపు అన్నీ వాన్ డి ఫ్యూకా జలసంధి ముఖంలోంచే వెళ్లాలి. అలలు రెండడుగులని మురిసిపోతూ, రాడార్ లేని పడవతో ఆగస్టు ఉదయం ఆ ఓడల దారిలోకి వెళ్లినవాడికి ఆ రెండడుగుల అంకె ఏ విధంగానూ అక్కరకు రాదు.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలో బలమూ ఉంది. సూచనలు తప్పుతాయి, ఇలా లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఏడాదికి రెండు రోజులు కూడా వెళ్లలేం, స్థానికులు వెళ్తూనే ఉన్నారు కదా అంటారు. సూచనలు తప్పుతాయన్నది నిజం. అందుకే సూచనతో పాటు బోయాలు గత ఆరు గంటలుగా ఏం చెబుతున్నాయో చూడాలి: నియా బే బయట ఒకటి, కేప్ ఎలిజబెత్ ఎదుట ఒకటి, కొలంబియా మొగ బయట ఒకటి ఉన్నాయి. అంకెలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది అంకె కంటే ముఖ్యం. ఇక స్థానికుల మాట: పడవ, ఇంజన్లు, మొగతో ఉన్న పరిచయం వాళ్లవి; మనం వాళ్ల వెనకే వెళ్లినా వాటిలో ఏదీ మనది కాదు.

రోజుల విషయంలో మాత్రం తప్పంతా వేటగాళ్ల మీద వెయ్యడం న్యాయం కాదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. అక్కడ మూసిన రోజులు ఖాయం. మిగిలిన రోజుల్లో ఎప్పుడు వెళ్లాలో మత్స్యకారుడు సముద్రాన్ని చూసుకుని ఎంచుకుంటాడు. హాలిబట్‌కు ఇక్కడ ఆ రోజుల్లో తెరిచిన రోజులు ఖాయం, అవీ కొద్దిగా మాత్రమే. ఆ రోజు సముద్రం ఎలా ఉన్నా, పోతే మళ్లీ ఏడాదికి గానీ రాదన్న భయం మనిషిని మొగ దాటిస్తుంది. ఇటీవలి ఏళ్లలో రోజులు పెంచారు. వాటా నిండేదాకా వారాల తరబడి తెరిచి ఉంచుతున్నారు. మనిషికి రోజుకు ఒక చేప చాలు, రోజులు మాత్రం ఎక్కువ ఉండాలి అన్నది నా గట్టి అభిప్రాయం. వాటా త్వరగా అయిపోతుందనుకుంటే ఏడాది మొత్తానికి మనిషికి ఇచ్చే చేపల సంఖ్య తగ్గించినా నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

చెడ్డ సముద్రంలో నష్టం మనుషులతో ఆగదు. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అఖాతపు సహజ చినూక్ సాల్మన్‌ను 1999లోనే అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు. అందుకే చాలా చోట్ల హేచరీలో (చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో) పెరిగిన, వీపు మీది చిన్న కొవ్వు రెక్క కత్తిరించిన చేపనే ఉంచుకోవాలి. రెక్క ఉన్న సహజ చేపను పడవలోకి ఎత్తకుండా నీళ్లలోనే ములుకు లేని గాలం తీసి వదిలెయ్యాలి. పడవ ఒక పక్కకు ఒరిగి మరో పక్కకు దొర్లుతున్నప్పుడు, పక్కనే నీళ్లలో గిలగిల్లాడే చేపకు బొటనవేలి గోరంత రెక్క ఉందో లేదో ఎలా చూస్తాం? చూడలేక వలలో వేసి ఎత్తేవాళ్లు, పొలుసు రాలిపోయాక అయ్యో అని వదిలేవాళ్లు ఎందరో. హాలిబట్ గాలానికి పడే పసుపుకన్ను రాక్‌ఫిష్ వందేళ్లు దాటి బతకగల చేప, దాన్ని ఉంచుకోకూడదు. లోతు నుంచి పైకి లాగేసరికి గాలి తిత్తి ఉబ్బి, కళ్లు బయటికి వచ్చి, తనంతట తాను కిందికి పోలేకపోతుంది. బరువు కట్టిన పరికరంతో దాన్ని మళ్లీ లోతుకు దించాలి. ఆ పనికి రెండు నిమిషాలు, రెండు స్థిరమైన చేతులు కావాలి. ఎనిమిదడుగుల అలల్లో ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నవాడికి ఆ రెండో చెయ్యి ఎక్కడిది?

అప్పటి నుంచి మా పడవకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు రోజు రాత్రి ఎనిమిది గంటలకు నేను ఒక కాగితం మీద ఎత్తు, వ్యవధి, ఉదయపు గాలి, మధ్యాహ్నపు గాలి, మొగ దగ్గర నీరు తిరిగే వేళలు రాసి, ఫోటో తీసి బావగారికి పంపుతాను. ఆయనకు పడవ నడపడం రాదు, గాలం ముడి వెయ్యడం కూడా సరిగా రాదు. కానీ వెళ్లాలా వద్దా అన్నది ఆయనే చెబుతారు, ఆ మాట మీద నాకు అప్పీలు లేదు. పోయిన సీజనులో ఆరుసార్లు కాగితం పంపాను. నాలుగుసార్లు "వద్దండి" అని సమాధానం వచ్చింది.